గిటార్ యాంప్లిఫయర్‌లో వాల్వు మార్చే ముందు

- ఒక పూర్వ విద్యార్థి

మన హాస్టల్లో చదివినవారిలో పాటగాళ్లకు, వాయిద్యాలు నేర్చినవారికి కొదవ లేదు. చర్చిలో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించి ఖర్చులకు సంపాదించుకున్న అన్నలున్నారు. ఐటిఐలో, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి రిపేరు షాపు పెట్టుకున్నవారూ ఉన్నారు. ఇద్దరికీ పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మన ఊళ్లలో దొరికే గిటార్ యాంప్లిఫయర్లు చాలావరకు ట్రాన్సిస్టర్లవే. కానీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి, అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చినవి కొన్ని వాల్వులతో పనిచేస్తాయి. పాత రేడియోలో వెలిగే గాజు వాల్వుల లాంటివే ఇవి. అలాంటి యాంప్లిఫయర్ గరగరలాడితే "సెట్టు మొత్తం మార్చాలి" అనే మాట ముందుగా వినిపిస్తుంది. అన్నీ మారిస్తే వేల రూపాయలు. చాలాసార్లు పాడయ్యేది ఒక్కటే. అది ఏదో మనమే కనిపెట్టవచ్చు.

వాల్వు ఎలా పనిచేస్తుంది?

గాజు లోపల గాలి ఉండదు. హీటర్ వేడెక్కి క్యాథోడ్‌ను కాలుస్తుంది. క్యాథోడ్ నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్లు ప్లేటు వైపు పరుగెత్తుతాయి. మధ్యలో గ్రిడ్ ఉంటుంది. ఇది కాలువకు తూము తలుపు లాంటిది. తలుపును కొంచెం కదిపితే నీటి ప్రవాహం ఎంతో మారినట్టు, గిటార్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్ గ్రిడ్‌ను కదిపితే ప్లేటు దగ్గర పెద్ద సిగ్నల్ తయారవుతుంది.

యాంప్లిఫయర్ వెనుక చూస్తే రెండు రకాల వాల్వులు కనిపిస్తాయి. పెద్దవి పవర్ వాల్వులు, స్పీకరును నడిపేవి. తొమ్మిది పిన్నులున్న చిన్నవి ప్రీయాంప్ వాల్వులు. పవర్ వాల్వులు మారిస్తే చాలా యాంప్లిఫయర్లలో బయాస్ సరిచూడాలి, అది మెకానిక్ పని. ప్రీయాంప్ వాల్వుకు సాధారణంగా ఆ అవసరం లేదు. తీసి, అదే నెంబరుది పెడితే చాలు.

ఏది పాడైందో ముందు తెలుసుకోండి

మొదట గిటార్ కేబుల్ తీసేయండి. శబ్దం ఆగిపోతే దోషం గిటార్‌లోనో కేబుల్‌లోనో ఉంది. ఆగకపోతే వాల్యూమ్ సున్నాకు తిప్పండి. శబ్దం కూడా తగ్గిపోతే దోషం ఆ నాబ్‌కు ముందున్న దశలో ఉంది. అలాగే ఉంటే తర్వాతి దశల్లో ఉంది.

తర్వాత యాంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా చెక్క పెన్సిల్‌తో ఒక్కో చిన్న వాల్వును మెల్లగా తట్టండి. స్పీకర్లో గంట కొట్టినట్టు గట్టిగా మోగితే ఆ వాల్వు లోపలి భాగాలు వదులయ్యాయని అర్థం. ఇన్‌పుట్ దగ్గరిది కొద్దిగా మోగడం మామూలే, ఎందుకంటే దాని శబ్దాన్ని మిగిలిన దశలన్నీ పెంచుతాయి. గాజు లోపల వెండిలా మెరిసే పూత సున్నంలా తెల్లబడితే గాలి చొరబడినట్టే, ఆ వాల్వు పని అయిపోయింది.

ఇక అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి: సరైన నెంబరుది, బాగున్న వాల్వు ఒక్కటి దగ్గర పెట్టుకోండి. స్విచ్ ఆపి, మొదటి స్థానంలో పెట్టి వినండి. తేడా లేకపోతే పాతది పాత చోటే పెట్టి రెండో స్థానానికి వెళ్లండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఏ స్థానంలోనూ తేడా రాకపోతే దోషం ప్రీయాంప్ వాల్వులది కాదు. మెకానిక్‌కు చూపించాలి.

ఏ నెంబరు కొనాలి?

ఎక్కువ యాంప్లిఫయర్లలో ఉండేది 12ఏఎక్స్7. 1947లో అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీ దీన్ని విడుదల చేసింది. యూరప్‌లో దీని పేరు ఈసీసీ83. పేర్లు రెండైనా వాల్వు ఒకటే. అదే సాకెట్‌లో కూర్చునే బంధువులు మరికొన్ని ఉన్నాయి. వాటి పెంచే శక్తిని ఇలా పోల్చుకోవచ్చు:

12ఏఎక్స్7 - 100
5751 - 70
12ఏటీ7 - 60
12ఏవై7 - సుమారు 44
12ఏయూ7 - సుమారు 20

సర్క్యూట్‌లో ఇంత మొత్తం రాదు. పోలికకు మాత్రమే ఈ అంకెలు. శబ్దం తొందరగా పగులుతోంది, శుభ్రంగా కావాలి అనుకుంటే మొదటి స్థానంలో 5751 గానీ 12ఏవై7 గానీ పెట్టి చూడవచ్చు. 1950ల చివరి ఫెండర్ బాస్‌మన్‌లో మొదటి వాల్వు 12ఏవై7. దాన్ని చూసి ఇంగ్లండులో 1960ల తొలినాళ్లలో మార్షల్ తయారుచేసిన జేటీఎం45లో అక్కడ ఈసీసీ83 పెట్టారు. అది తొందరగా పగలడానికి ఇదొక కారణం.

రివర్బ్ నడిపే చోట, పవర్ వాల్వుల పక్కనున్న చోట మాత్రం ప్రయోగాలు వద్దు. అక్కడ 12ఏటీ7 అని రాసి ఉంటే 12ఏటీ7నే పెట్టండి. ఈఎల్84కు కూడా తొమ్మిది పిన్నులే, కానీ అది పవర్ వాల్వు. పిన్నులు సరిపోయాయని ఏదీ పెట్టకూడదు.

ఏ కంపెనీది?

ఈరోజు కొత్త వాల్వులు తయారుచేసే ఫ్యాక్టరీలు చాలా తక్కువ. స్లొవేకియాలో జేజే, రష్యాలో సరాటోవ్ ఫ్యాక్టరీ, చైనాలో కొన్ని. సోవ్‌టెక్, ఎలక్ట్రో హార్మోనిక్స్, నేటి టంగ్‌సోల్ ఇవన్నీ సరాటోవ్‌లో తయారయ్యేవే. కాబట్టి డబ్బా మీది పేరుకు కాక, పరీక్షించి ఇచ్చే అమ్మకందారుకు విలువ ఇవ్వండి. మన దేశంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రేడియో వాల్వులు తయారుచేసింది. పాత రేడియో షాపుల్లో అలాంటివి కనిపిస్తే నెంబరు చూసి, పరీక్ష చేయించాకే తీసుకోండి.

ప్రాణం ముఖ్యం

వాల్వు యాంప్లిఫయర్ లోపల 300 నుంచి 450 వోల్టుల వరకు ఉంటుంది. ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది. వాల్వు మార్చడానికి ఛాసిస్ విప్పనక్కర్లేదు, విప్పకండి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, చల్లారనిచ్చి, బట్టతో పట్టుకుని నిటారుగా లాగండి. పెట్టేటప్పుడు పిన్నుల మధ్య ఖాళీని సాకెట్‌లోని ఖాళీకి సరిచూడండి. స్పీకరు కలపకుండా ఎప్పుడూ ఆన్ చేయకండి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అమెరికా యాంప్లిఫయర్ 120 వోల్టులది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230 వోల్టులకు పెట్టకూడదు.

గిటార్ తీగలు యాంప్లిఫయర్ ఇనుప ఛాసిస్‌తో కలిసి ఉంటాయి. ప్లగ్‌కు ఎర్త్ లేకపోతే, లోపల ఏ తీగ ఛాసిస్‌కు తగిలినా ఆ కరెంటు వాయించేవాడి చేతికే వస్తుంది. పందిట్లో గానీ స్టేజీ మీద గానీ మూడో పిన్ను విరిచేసిన ప్లగ్ కనిపిస్తే, ఎంత తొందరున్నా ప్రోగ్రాం మొదలుపెట్టవద్దు. తమ్ముళ్లూ, వాల్వు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. తెలియనిది తెలిసినవారిని అడగడం చిన్నతనం కాదు.