అంతర్గత వస్తువులలో గుణ మార్పు ప్రకటన
ఎమ్.వి.వి.ఎమ్. (మోడల్-వ్యూ-వ్యూమోడల్) అనేది తెరను, దత్తాంశాన్ని వేరుచేసే సాఫ్ట్‌వేర్ నిర్మాణ పద్ధతి. దీనిని 2005లో మైక్రోసాఫ్ట్‌కు చెందిన జాన్ గాస్‌మన్ ప్రకటించాడు. ఇందులో గుణం (ప్రాపర్టీ) విలువ మారినపుడు ఆ వస్తువే "ప్రాపర్టీఛేంజ్డ్" అనే ఘటన ద్వారా తెరకు తెలియజేయాలి.

ఒక వస్తువులో మరొకటి ఇమిడి ఉన్నపుడే చిక్కు. వర్షచ్ఛాయా ప్రాంతమైన అనంతపురం జిల్లా ఒక వస్తువు, దానిలోని మండలాలు అంతర్గత వస్తువులు అనుకుందాం. రాయదుర్గం వర్షపాతాన్ని సవరిస్తే ఆ మండలం గడి మారుతుంది. తెరపై జిల్లా సగటు మాత్రం పాతదే నిలుస్తుంది. కరువు మండలాలను గుర్తించడానికి చూసే పట్టికలో ఇది చిన్న దోషం కాదు. "అబ్జర్వబుల్‌కలెక్షన్" వాడినా చాలదు. అది చేర్పులను, తీసివేతలను చెబుతుందే గాని మండలం లోపలి మార్పును చెప్పదు.

కాబట్టి జిల్లా వస్తువు ప్రతి మండలం ఘటనకూ చెవియొగ్గి, అది వినగానే "సగటు" పేరుతో తానూ ప్రకటన చేయాలి. మండలాన్ని తొలగించినపుడు ఈ సంబంధాన్ని తెంచడం పలువురు మరచిపోతారు. అప్పుడు ఆ పాత వస్తువు వేరెక్కడైనా వాడుకలో ఉంటే, జిల్లా సగటును అకారణంగా కదిలిస్తూనే ఉంటుంది.