ఢీకొట్టకుండా ‘ట్యాకిల్’ నేర్పడం సాధ్యమేనా? అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో మారిన సాధన తీరు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతితో దూసుకొచ్చే ప్రత్యర్థిని పట్టి నేలకు దించడాన్ని ‘ట్యాకిల్’ అంటారు. ప్రో కబడ్డీ వ్యాఖ్యానం వినేవారికి ఈ మాట పరిచితమే. అయితే కబడ్డీలోని పట్టుకు, ఈ ఆటలోని పట్టుకు చాలా వ్యత్యాసం ఉంది. ఇక్కడ హెల్మెట్, భుజకవచాలు ధరించిన ఆటగాళ్లు పూర్తి వేగంతో పరుగెత్తుతూ ఒకరినొకరు ఢీకొంటారు. ట్యాకిల్ సరిగా రాని జట్టు గెలవలేదు. కానీ దాన్ని నేర్పేందుకు రోజూ ఆటగాళ్లను ఢీకొట్టిస్తే వారి మెదడుకే ముప్పు. ఈ చిక్కును విడదీయడానికి అమెరికా విశ్వవిద్యాలయాలు దశాబ్దానికి పైగా ప్రయత్నిస్తున్నాయి.

ముప్పు ఎక్కువగా సాధనలోనే

తలకు తగిలిన దెబ్బ వల్ల మెదడు కపాలంలో కుదుపునకు లోనై, దాని పనితీరు తాత్కాలికంగా దెబ్బతినడాన్ని ‘కంకషన్’ అంటారు. హెల్మెట్ కపాలం పగలకుండా కాపాడగలదే తప్ప, లోపల మెదడు కదలకుండా ఆపలేదు.

ఆరు విశ్వవిద్యాలయాలకు చెందిన 658 మంది ఆటగాళ్లను 2015 నుంచి 2019 వరకు పరిశీలించిన అధ్యయనం 2021లో ‘జామా న్యూరాలజీ’ వైద్య పత్రికలో వెలువడింది. నమోదైన కంకషన్లలో 72 శాతం మ్యాచ్‌లలో కాక, సాధనలోనే సంభవించినట్లు అది తేల్చింది. సీజన్‌కు ముందు జరిగే సన్నాహక శిబిరం మొత్తం కాలంలో ఐదో వంతు మాత్రమే. కంకషన్లలో దాదాపు సగం ఆ వ్యవధిలోనే నమోదయ్యాయి. మ్యాచ్‌లలో ఢీకొనడం అనివార్యం. సాధనలో దాన్ని తగ్గించడం మాత్రం నిర్వాహకుల చేతిలోని పని.

అదే ఏడాది మే నెలలో కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ అగ్రశ్రేణి జట్లకు నిబంధనలను కట్టుదిట్టం చేసింది. సన్నాహక శిబిరంలోని 25 సాధనల్లో తొమ్మిదింటికి మించి పూర్తి కవచాలతో జరపరాదు. వరుసగా రెండు రోజులకు మించి పూర్తిస్థాయి ఢీ ఉండరాదు. ఒక సాధనలో దాని వ్యవధి 75 నిమిషాలు దాటకూడదు. ఇరుకైన స్థలంలో ఇద్దరిని ఎదురెదురుగా నిలిపి ఢీకొట్టించే పాత కసరత్తులకూ స్వస్తి పలికింది.

కోచ్‌ల భయంలో అర్థముంది

సాధన తగ్గితే నైపుణ్యం తగ్గుతుందని, అప్పుడు మ్యాచ్‌లోనే గాయాలు పెరుగుతాయని పలువురు కోచ్‌లు వాదించారు. దీన్ని తోసిపుచ్చలేం. తల దించి, హెల్మెట్ పైభాగంతో ఢీకొట్టే ఆటగాడి మెడ ఎముకలు ఒకే వరుసలోకి వస్తాయి. దెబ్బ ఒత్తిడి నేరుగా వెన్నుపూసలపై పడి మెడ విరిగే ప్రమాదం ఉంటుంది. అంటే సరిగా నేర్వని ట్యాకిల్ కొట్టేవాడికి కూడా అపాయమే.

డార్ట్‌మౌత్ చూపిన దారి

ఈ వాదనకు ఆచరణలో సమాధానం చెప్పినవారు డార్ట్‌మౌత్ కళాశాల కోచ్ బడ్డీ టీవెన్స్. 2008లో ఆయన జట్టు ఆడిన పది మ్యాచ్‌లూ ఓడింది. 2010లో ఆయన సాధనలో ఆటగాళ్లు ఒకరినొకరు ట్యాకిల్ చేయడాన్ని పూర్తిగా నిలిపివేశారు. దానికి బదులు మెత్తటి దిండ్లు, బొమ్మలపై అభ్యాసం పెంచారు. నిలకడగా ఉండే బొమ్మ మనిషిలా పరుగెత్తదు. అందుకే అక్కడి ఇంజినీరింగ్ విద్యార్థులు రిమోట్‌తో కదిలే ట్యాకిల్ బొమ్మను రూపొందించగా, అది 2015లో మైదానంలోకి వచ్చింది. ఆ ఏడాది డార్ట్‌మౌత్ తొమ్మిది మ్యాచ్‌లు గెలిచి ఐవీ లీగ్ టైటిల్‌ను సంయుక్తంగా అందుకుంది. 2016లో ఐవీ లీగ్‌లోని ఎనిమిది జట్ల కోచ్‌లు సీజన్ సాధనలో పూర్తిస్థాయి ట్యాకిల్‌ను తొలగించాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు.

ఒక్క నైపుణ్యం, అనేక మెట్లు

ఈ పద్ధతిలో కీలకం ట్యాకిల్‌ను భాగాలుగా విడగొట్టి నేర్పడం. మొదట ఎదుట ఎవరూ లేకుండా అడుగుల కదలిక, శరీర భంగిమ. తరువాత దిండుపై, దొర్లుతున్న పెద్ద చక్రంపై పట్టు. ఆపై సహచరుడిని తాకి, నేలకు దించకుండా ఆగిపోవడం. దీన్ని ‘థడ్’ అంటారు. నేలకు దించే పూర్తిస్థాయి ట్యాకిల్ ఆఖరి మెట్టు.

నేర్పే సూత్రమూ మారింది. కళ్లు పైకి ఉండాలి, తల ప్రత్యర్థి శరీరానికి పక్కకు జరగాలి, భుజం తగలాలి, చేతులు అతడి కాళ్లను చుట్టాలి. ఇది రగ్బీ నుంచి వచ్చిన పద్ధతి. హెల్మెట్ లేని రగ్బీ ఆటగాడు తన తలను తానే కాపాడుకోక తప్పదు. వృత్తి లీగ్‌లోని సియాటిల్ సీహాక్స్ కోచ్ పీట్ కారొల్ 2014లో విడుదల చేసిన శిక్షణ వీడియో ఈ శైలికి విస్తృత ప్రచారం కల్పించింది. న్యూ హ్యాంప్‌షైర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే తర్కంతో కొందరు ఆటగాళ్లకు హెల్మెట్ లేకుండా ట్యాకిల్ కసరత్తులు చేయించారు. సీజన్ ముగిసేసరికి వారి తలకు తగిలే దెబ్బలు 28 శాతం తగ్గినట్లు 2015లో ప్రచురించారు. అయితే ఆ పరిశోధన ఒకే జట్టులోని 50 మందికి పరిమితం.

లెక్కకు అందనిది

నిబంధన ఒక్కటే చాలదని అనుభవం చెబుతోంది. 2017లో రోజుకు రెండుసార్లు ఢీకొనే సాధనను ఎన్‌సీఏఏ రద్దు చేసినప్పుడు, శిబిరాన్ని వారం ముందే ప్రారంభించే వీలు కల్పించింది. ఫలితంగా సాధనల సంఖ్య పెద్దగా తగ్గలేదు. ‘థడ్’ సాధనలోనూ తలకు దెబ్బలు తగులుతాయి. కంకషన్ లక్షణాలు కనిపించని చిన్న దెబ్బలు ఏళ్ల తరబడి పోగుపడటమే సీటీఈ అనే మెదడు క్షీణత వ్యాధికి దారితీస్తుందని పరిశోధకులు భావిస్తున్నారు. ఆ వ్యాధిని మరణానంతరం మెదడును పరీక్షించి మాత్రమే కచ్చితంగా నిర్ధారించగలరు.

అందువల్ల ఎన్ని రోజులు ఢీకొట్టారన్నదే కాక, ఒక్కో ఆటగాడి తలకు ఎన్ని దెబ్బలు తగిలాయన్నదీ లెక్కించాలి. కళాశాల ఆటగాళ్లలో అత్యధికులు వృత్తి లీగ్‌కు చేరరు. ఇరవై రెండేళ్లకే ఆట ముగించి, మిగిలిన జీవితమంతా వారు బతకవలసింది ఆ మెదడుతోనే.