కోచ్‌ని తిట్టడం తేలికే, ఓనర్‌ని అడగడమే కష్టం

టీమ్ వరసగా ఓడిపోతుంటే ఊరి పేపర్ క్లబ్‌ని నిలదీయాలి కదా అనుకుంటాం. కానీ ఇక్కడో చిక్కుంది. ఇంటర్వ్యూలు, ప్రెస్‌మీట్‌లు, ప్రెస్ బాక్స్‌లో సీటు, ఇవన్నీ క్లబ్ ఇస్తేనే దొరుకుతాయి. గట్టిగా అడిగితే ఇవ్వడం మానేస్తుంది.

ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ యునైటెడ్ సంగతే చూడండి. 2011-12లో ప్రీమియర్ లీగ్‌లో 5వ స్థానం, మరుసటి ఏడాదే 16. 2013 అక్టోబర్‌లో ఓనర్ మైక్ ఆష్లీ మీద అభిమానులు ర్యాలీ తీశారు. ఆ వార్తని స్థానిక పేపర్లు క్రానికల్, జర్నల్, సండే సన్ బాగా కవర్ చేశాయి. అంతే, ఆ మూడు పేపర్ల రిపోర్టర్లకి క్లబ్ గేటు మూసేసింది.

మరి పేపర్ల నోరు మూతపడిందా? లేదు. ఆ నిషేధమే పెద్ద వార్తయింది. పైగా అక్కడ కంపెనీల వార్షిక లెక్కలు కంపెనీస్ హౌస్‌లో ఎవరైనా చూడొచ్చు. అప్పెంత, జీతాలకి ఎంత పోతోంది అన్నది తెలుసుకోవడానికి క్లబ్ దయ అక్కర్లేదు. ఆష్లీకి క్లబ్ బాకీ 10 కోట్ల పౌండ్లు దాటిందన్నది కూడా ఆ లెక్కల్లో ఉన్నదే.

అందుకే పేపర్ ఎంత ఘాటుగా రాసిందని కాదు, ఎవర్ని అడిగిందో చూడాలి. కోచ్‌లు మారుతూనే ఉంటారు. లెక్క చెప్పాల్సింది ఓనరే.