మల్లె మొక్క పూయడం లేదా? పీకేయకండి, కత్తిరించండి

వేసవి వచ్చిందంటే మల్లెల కాలమే. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దీన్ని మోగ్రా, మోతియా అంటారు. చమేలీ అంటే జాజి, అది వేరే మొక్క. రోజూ మూర కొనేకన్నా మేడ మీద ఒక కుండీ ఉంటే చాలనుకుని చాలామంది మొక్క తెచ్చుకుంటారు. మొదటి ఏడాది బాగానే పూస్తుంది. తర్వాత ఆకులే తప్ప మొగ్గ కనపడదు.

హైదరాబాద్ పాతబస్తీలోని ఒక ఇంట్లో ఇదే జరిగింది. అది అత్తగారు పెట్టిన మొక్క. ఆమె చనిపోయాక కోడలు దాన్ని ప్రాణంగా చూసుకుంది. ఎండ తగలకుండా నీడలోకి జరిపింది. పచ్చగా ఉండాలని యూరియా వేసింది. రెండు వేసవులు గడిచినా ఒక్క పువ్వూ లేదు. పీకేసి మిరప నారు పెట్టమని ఇంట్లోవాళ్లు అన్నారు. ఆమెకు మనసొప్పలేదు. ఊళ్లో మల్లెతోట ఉన్న బంధువును అడిగితే ఆయన ఒకటే మాట అన్నారు: "బేటీ, కొమ్మలు ఎప్పుడైనా కత్తిరించావా?"

అసలు కారణం ఇదీ

మల్లె మొగ్గలు కొత్త చిగుళ్లకే వస్తాయి. కొమ్మలు కత్తిరించకపోతే కొత్త చిగుళ్లు తగ్గిపోతాయి, పూలూ తగ్గుతాయి. అందుకే రైతులు చలికాలంలో నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఆకులు దూసేస్తారు. ఆ తర్వాత ఎరువు వేసి నీళ్లు పెడతారు. నీడ, యూరియా రెండూ ఆకును పెంచుతాయి గానీ పువ్వును ఇవ్వవు. మల్లెకు రోజుకు కనీసం 5, 6 గంటల ఎండ కావాలి.

ఆమె జనవరిలో కొమ్మలను సగానికి కత్తిరించింది. కుండీని ఎండలో పెట్టి, యూరియా మానేసి, రెండు గుప్పెళ్లు మాగిన పశువుల ఎరువు వేసింది. మార్చి చివరికి మొగ్గలు కనిపించాయి.

నీళ్లు ఎక్కడివి?

ఏప్రిల్‌లో బోరు ఎండింది. ట్యాంకర్ నీళ్లు తాగడానికి, వంటకే సరి. అప్పుడు వుజూ నీళ్లు గుర్తొచ్చాయి. వాటిలో సబ్బు ఉండదు కాబట్టి మొక్కకు మంచివే. కింద టబ్బు పెట్టి పట్టి, ఫజ్ర్ తర్వాత, ఎండ తగ్గాక అసర్ తర్వాత పోసింది. వుజూలో కూడా నీరు వృథా చేయొద్దన్నది ఇస్లాం బోధనే కదా.

ఈ జాగ్రత్తలు మరవొద్దు

• కుండీ కింద ఇటుకలు పెట్టండి, మేడ వేడి వేర్లకు తగలదు. మట్టి మీద ఎండుటాకులు పరవండి.
• వేలు గుచ్చి చూడండి. మట్టి తడిగా ఉంటే నీళ్లు వద్దు. నీళ్లు ఎక్కువైనా ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.
• ఆకుల అడుగున సన్నని బూజులాంటి గూడు కడితే అది నల్లి. నీళ్లు గట్టిగా చిమ్మి కడగండి.
• ఒక విడత పూలు అయ్యాక కొమ్మల చివర్లు తుంచండి. మళ్లీ చిగుళ్లు వస్తాయి.
• ఈ ఏడాది కత్తిరించకపోతే ఇప్పుడు చివర్లు మాత్రమే తుంచి, అసలు కత్తిరింపు చలికాలంలో చేయండి.

మొదటి రోజు ఆమెకు దక్కినవి పదకొండు మొగ్గలే. గజ్రాకు చాలవు. గిన్నెలో నీళ్లు పోసి అత్తగారి గదిలో పెట్టింది. మగ్రిబ్ వేళ దాటేసరికి అన్నీ విచ్చుకున్నాయి. మిరప నారు మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.