కంటిలో యంత్రం... మరమ్మతు చేసేదెవరు?

నేత్రదానంగా లభించిన కన్నుతో ఏ అంధునికైనా చూపు వస్తుందని పలువురి నమ్మకం. వాస్తవానికి వైద్యులు మార్చేది నల్లగుడ్డుపై ఉండే కార్నియా అనే పారదర్శక పొరను మాత్రమే. కంటి వెనుక భాగంలోని రెటీనా క్షీణిస్తే మార్పిడి సాధ్యం కాదు. అటువంటి వారి కోసమే శాస్త్రవేత్తలు బయోనిక్ కన్నును రూపొందించారు.

పనితీరు ఇదీ..
వీటిలో పేరొందినది అమెరికాలోని సెకండ్ సైట్ సంస్థ తయారుచేసిన 'ఆర్గస్-2'. రేచీకటితో మొదలై క్రమేణా చూపును హరించే రెటినైటిస్ పిగ్మెంటోసా రోగులకు దీనిని ఉద్దేశించారు. కళ్లజోడులోని చిన్న కెమెరా దృశ్యాన్ని గ్రహిస్తుంది. నడుముకు ధరించిన పరికరం దానిని సంకేతాలుగా మార్చగా, అవి తీగ లేకుండానే కంటిలోకి చేరతాయి. రెటీనాపై అమర్చిన 60 ఎలక్ట్రోడ్లు మిగిలిన నాడీకణాలను ప్రేరేపిస్తాయి. రోగికి వెలుగు చుక్కలు గోచరిస్తాయి. వాటితో ద్వారమెక్కడుందో, ఎదుట ఎవరైనా కదులుతున్నారో తెలుసుకోవచ్చు. ముఖాలను పోల్చుకోవడం మాత్రం సాధ్యం కాదు.

మధ్యలోనే నిలిచిన తయారీ
ఐరోపాలో 2011లో, అమెరికాలో 2013లో దీనికి అనుమతి లభించింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 350 మంది అమర్చుకున్నారు. పరికరం ధరే దాదాపు లక్షన్నర డాలర్లు ఉండేది. అయితే 2019లో సంస్థ తయారీని నిలిపివేసింది. 2020లో అధికశాతం సిబ్బందిని తొలగించింది. దీంతో పరికరం మొరాయిస్తే బాగుచేసేవారు కరువయ్యారు. తీయించుకోవాలంటే మరో శస్త్రచికిత్స తప్పదు. కష్టపడి పొందిన ఆ కొద్దిపాటి చూపూ కొందరికి దూరమైంది.

కొత్త ఆశ
వృద్ధాప్యంలో రెటీనా మధ్యభాగం క్షీణించిన వారికోసం 'ప్రిమా' అనే 2 మిల్లీమీటర్ల చిప్‌ను రూపొందించారు. ఐరోపాలో 38 మందికి దీనిని అమర్చారు. ఏడాది తర్వాత పరీక్షించిన 32 మందిలో 26 మందికి చూపు గణనీయంగా మెరుగుపడినట్లు 2025 అక్టోబరులో ఫలితాలు వెలువడ్డాయి. కళ్లజోడు సాయంతో పలువురు అక్షరాలు చదవగలిగారు. అయితే దీనిని అభివృద్ధి చేసిన ఫ్రాన్స్ సంస్థ పిక్సియం విజన్ సైతం ఆర్థికంగా చితికిపోయింది. 2024లో అమెరికాకు చెందిన సైన్స్ కార్పొరేషన్ ఈ పరికరాన్ని చేజిక్కించుకోవడంతో పరిశోధన కొనసాగింది.

శరీరంలో అమర్చిన యంత్రం ఏళ్ల తరబడి పనిచేయాలి. అందువల్ల ఇటువంటి చికిత్సకు సమ్మతించే ముందు చూపు ఎంతమేరకు వస్తుందన్నదే కాక, పరికరం చెడితే బాధ్యత ఎవరిది, విడిభాగాలు ఎన్నాళ్లు లభిస్తాయి, తొలగించాల్సి వస్తే ఖర్చు ఎవరు భరిస్తారు అన్న విషయాలనూ రోగి, కుటుంబసభ్యులు ముందుగానే రాతపూర్వకంగా తెలుసుకోవడం అవసరం.