మీకు తెలుసా? పోర్టులో పట్టినా పాట రాదు

టైప్-సి పోర్టులో 24 పిన్నులుంటాయి. ప్లగ్ అందులో దూరినంత మాత్రాన పని చేస్తుందని కాదు. 3.5 ఎం.ఎం. జాక్ లేని ఫోన్‌కి పాత ఇయర్‌ఫోన్స్ తగిలించే కన్వర్టర్లు రెండు రకాలు. పైకి కవలల్లా ఉంటాయి. ఒకదానిలో ఉత్త తీగలే. పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చి పంపాల్సింది ఫోనే. చాలా కొత్త ఫోన్లు ఆ పని చేయవు. రెండోదానిలో డీఏసీ అనే బుల్లి చిప్ ఉంటుంది, ఆ మార్పు అదే చూసుకుంటుంది. కాస్త ధర ఎక్కువైనా, ప్యాకెట్ మీద డీఏసీ అని ఉన్నదే కొనడం నయం.

ఛార్జింగ్‌దీ ఇదే తంతు. చవక నెక్‌బ్యాండ్‌కి పాత యూఎస్‌బీ-ఎ ఛార్జర్‌తో చక్కగా ఛార్జింగ్ ఎక్కుతుంది. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ పెడితే ఉలకదు, పలకదు. టైప్-సి ఛార్జర్‌కి అవతలి పరికరంలో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కనబడితేగానీ కరెంటు వదలదు మరి. పైసల ఖరీదు చేసే ఆ ముక్కని కొందరు తయారీదారులు ఎగ్గొడతారు! పాత ఛార్జర్‌కి ఈ పట్టింపుల్లేవు. ఎప్పుడూ 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. అలాంటి నెక్‌బ్యాండ్‌కి ఒకవైపు ఎ, ఇంకోవైపు సి ఉన్న పాత కేబులే దిక్కు.