అమ్మ ఒడి కన్నా క్షేమమైన చోటు

పసిపిల్లలకు పుట్టు వెంట్రుకలు తీయించడానికి ఎన్నో కుటుంబాలు తిరుమలకు వస్తాయి. మొక్కు తీరాక, గుండుకు గంధం పూసిన పాప అమ్మ ఒళ్లో నిద్రపోతుంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీద కారు మలుపులు తిరుగుతూ తిరుపతికి దిగుతుంది. అమ్మ ఒడి కన్నా క్షేమమైన చోటు పాపకు మరొకటి ఉంటుందా? ఇంట్లో ఉండదు. కదిలే కారులో మాత్రం ఉంది! అదెలాగో చూద్దాం.

బస్సులో నిలబడి ఉండగా డ్రైవరు బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలుతారు. మిమ్మల్ని ఎవరూ తోయలేదు. బస్సు ఆగినా మీ శరీరం అదే వేగంతో ముందుకు పోవాలని చూసింది. ఈ గుణాన్నే జడత్వం అంటారు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 11 మీటర్ల వేగంతో పోతున్న కారు గోడను ఢీకొని, సెకనులో పదో వంతు కాలంలో ఆగిందనుకోండి. పాప ద్రవ్యరాశి 10 కిలోలు. కారుతోపాటు పాపను కూడా ఆపాలంటే కావలసిన బలం 10 × 11 ÷ 0.1, అంటే 1,100 న్యూటన్లు. ఇది సుమారు 110 కిలోల బరువును మోయడంతో సమానం! అంత బరువును రెప్పపాటులో ఎవరు పట్టుకోగలరు? ప్రేమ తక్కువై కాదు, చేతులకు అంత బలం లేక పాప జారిపోతుంది. పాపను ఒళ్లో ఉంచుకుని ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టుకుంటే ఇంకా ముప్పు. పెద్దవారి బరువంతా పాపను బెల్టుకేసి నొక్కుతుంది.

ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. మెత్తని బంకమన్నుతో చిన్న బొమ్మ చేసి, బొమ్మ కారు మీద కూర్చోబెట్టండి. వాలుగా పెట్టిన చెక్క మీది నుంచి కారును వదిలి, కింద పుస్తకాల దొంతరకు తగలనివ్వండి. బొమ్మ ఎగిరి పడుతుంది. ఈసారి దాన్ని సన్నని దారంతో కట్టి వదలండి. బొమ్మ నిలుస్తుంది గాని, దారం మన్నులోకి దిగుతుంది. మూడోసారి వెడల్పు రిబ్బను కట్టండి. గాటు దాదాపు పడదు. బలం అంతే, కాని అది ఎక్కువ విస్తీర్ణం మీద పడింది కనుక పీడనం తగ్గింది. పిల్లల సీటులోని రహస్యమంతా ఇదే.

పుట్టిన బిడ్డ తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది. పెద్దవారిలో అది సుమారు ఎనిమిదో వంతే. పెద్ద తల, లేత మెడ! అందుకే పసిపిల్లల సీటును, పాప ముఖం కారు వెనుక వైపుకు ఉండేలా బిగిస్తారు. అప్పుడు తాకిడి బలం మెడ మీద కాక, తల, వీపు మొత్తం మీద పరుచుకుంటుంది. స్వీడన్‌కు చెందిన బెర్టిల్ ఆల్డ్‌మన్ 1960 దశకంలో ఈ సీటును రూపొందించారు. ఆయనకు ఈ ఊహ జెమినీ వ్యోమనౌకలోని యాత్రికుల సీట్లను చూసినప్పుడు వచ్చింది. రాకెట్టు ఎగిరేటప్పుడు యాత్రికులు సీటుకు వీపు ఆనించి పడుకునే ఉంటారు మరి! రాకెట్లకు పేరుపొందిన శ్రీహరికోట 2022 నుంచి మన తిరుపతి జిల్లాలోనే ఉంది.

సీటును ధర చూసి కాదు, బిడ్డ ఎత్తు, బరువు చూసి ఎంచాలి. పసిపిల్లలకు వెనక్కి తిరిగిన సీటు కావాలి. అది సరిపోయినంత కాలం అందులోనే ఉంచడం మంచిది. తరువాత ముందుకు తిరిగిన, పట్టీలున్న సీటు. ఆ పైన, పెద్దల బెల్టు సరిగా అమరేందుకు ఎత్తుపీట వంటి బూస్టరు సీటు. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా ఇది అవసరం. మీ ఎత్తు కూడా ఒకసారి కొలుచుకోండి! బెల్టు కింది భాగం పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద, పై భాగం మెడను తాకకుండా భుజం మధ్యగా ఉండాలి.

సీటు కొన్నంత మాత్రాన చాలదు. బిగించాక పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కదలకూడదు. పాప భుజం మీది పట్టీని వేళ్లతో గిల్లి చూడండి. మడత పడితే అది వదులుగా ఉన్నట్టే. ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీటులో వెనక్కి తిరిగిన పసిపిల్లల సీటును ఎన్నడూ పెట్టకూడదు. ఉబ్బే సంచీ దాన్ని భయంకరమైన బలంతో కొడుతుంది. వెనుక సీటే మేలు. ప్రమాదానికి గురైన పాత సీటును మళ్లీ వాడరాదు. మన ఎండల్లో ఆగి ఉన్న కారులో బకిల్ చుర్రుమనేలా కాలుతుంది. పాపను కూర్చోబెట్టే ముందు తాకి చూడాలి.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గాని, తగిన సీటు గాని లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. కాని జరిమానా కన్నా పాప ప్రాణం పెద్దది కదూ!

ఈసారి చెల్లినో తమ్ముడినో అమ్మ ఒళ్లో పెట్టుకుని కారెక్కబోతే, “110 కిలోలు మోయగలవా అమ్మా?” అని అడగండి. లెక్క చేసి చూపించండి. ఇంట్లో సైన్సు చదివేది మీరే గదా!